వేదికకు వీపు పెట్టిన మనిషి

నిన్న సాయంత్రం ఇక్కడ సిడ్నీలో, పారమట్టా స్క్వేర్‌లో పెద్ద తెర మీద క్రికెట్ చూపిస్తున్నారు. నాలుగైదు వందల మంది నిలబడి చూస్తున్నారు. వాళ్ళలో సగం మనవాళ్ళే. మెడలో ఆఫీసు కార్డులు ఇంకా తీయనివాళ్ళు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నవాళ్ళు. ఏదో వికెట్ పడ్డట్టుంది, అందరి నోళ్ళూ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. నా పక్కనున్న అమ్మాయి నా మోచెయ్యి తట్టి, "అంకుల్, స్క్రీన్ అటు సైడ్" అంది.

అప్పుడు గమనించుకున్నాను. నేను తెరకు వీపు పెట్టి నిలబడి ఉన్నాను. జనం మొహాలు చూస్తున్నాను.

ఈ అలవాటు నాది కాదు. నాలుగు నెలల క్రితం చనిపోయిన ఒక ముసలాయనది.

ఆయన పేరు రాయను. ఆయన ఎవరికోసం గొంతు చించుకున్నాడో ఆ నాయకుడి పేరు కూడా రాయను. పేరు వినబడగానే మనం రెండు జట్లుగా విడిపోతాం. ఒక జట్టు దండ తెస్తుంది, రెండో జట్టు చెప్పు తీస్తుంది, అసలు సంగతి నేల మీద పడి ఉంటుంది. ఈజిప్టులో రాజుని దించిన సైనికాధికారి అంటే చాలు. రెండు సముద్రాలను కలిపే కాలువను పరాయి కంపెనీ చేతిలోంచి లాక్కుని దేశానికి ఇచ్చాడు. జమీందార్ల భూమి కోసి రైతులకు పంచాడు. అరబ్బీ మాట్లాడేవాళ్ళందరిదీ ఒకే జాతి అన్నాడు. కాదన్నవాళ్ళను జైల్లో వేశాడు. చివరికి ఒక యుద్ధంలో కొద్ది రోజుల్లోనే ఓడిపోయాడు. చనిపోయినప్పుడు ఊళ్ళకు ఊళ్ళు వీధుల్లో పడి ఏడ్చాయి.

మా ముసలాయన ఆ నాయకుడి సభల్లో నినాదాలు పలికేవాడు. అదొక పని. దానికి మనిషిని ఎంచుకుంటారు. ఎవరో ఒక బలమైనవాడు అతన్ని భుజాల మీదికి ఎత్తుకుంటాడు. పైనున్నవాడు సగం నినాదం పలుకుతాడు, కింద జనం మిగతా సగం పలుకుతారు. ఈయనను మోసినవాడు రేవులో బస్తాలు మోసే కూలీ. "వాడి మెడ దున్నపోతు మెడ. వాడి చెవులు పట్టుకుని నేను తూగేవాణ్ణి" అనేవాడు.

నినాదం పలికేవాడు జనం వైపు తిరగాలి. అంటే వేదికకు వీపు పెట్టాలి. ఐదేళ్ళపాటు ఆ నాయకుడి సభల్లో పనిచేసి, ఆయన మాట్లాడుతుండగా ఆయన మొహం ఒక్కసారీ చూడలేదట. "ఏం చెప్తున్నాడో చెవులతో వినేవాణ్ణి. నిజమో అబద్ధమో జనం మొహాల్లో చూసేవాణ్ణి" అన్నాడు ఒకసారి.

ఆయనను నేను కలిసింది లైబ్రరీలో. వెస్ట్‌మీడ్‌లో ఒక ఆసుపత్రి లాబొరేటరీలో ఇరవయ్యారేళ్ళు పనిచేసి రిటైరయ్యాక, మంగళవారాలు పారమట్టా లైబ్రరీలో ఇంగ్లీషు కబుర్ల బల్ల దగ్గర కూర్చోవడానికి ఒప్పుకున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళతో గంటసేపు ఇంగ్లీషులో మాట్లాడించడం నా పని. బల్ల మీద ప్లాస్టిక్ చట్రంలో ఒక కాగితం ఉంటుంది. మతం, రాజకీయాలు మాట్లాడకూడదు. నన్ను ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టడమంటే పులి చేత ఏకాదశి చేయించడమే. వాతావరణం గురించి, కూరగాయల గురించి మాట్లాడి మాట్లాడి నా దవడలు తుప్పు పట్టాయి.

ఈయనకు ఇంగ్లీషు నేర్పాల్సిన అవసరం లేదు. ఈ దేశానికి వచ్చి యాభై ఏళ్ళయింది. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేశాడు. భార్య పోయింది. ఒక్కతే కూతురు, పెర్త్‌లో ఉంటుంది. మనిషి గొంతు వినడానికి వచ్చేవాడు. అందరం గోడ మీది టీవీ తెర కనబడేలా కూర్చుంటే ఆయన తెరకు వీపు పెట్టి కూర్చునేవాడు. ఎవరైనా మెల్లగా మాట్లాడితే కుడి అరచెయ్యి చెవి వెనక పెట్టి, కనుబొమలు ఎత్తి, కాస్త ముందుకు వంగేవాడు. చెవుడనుకున్నాను. చెవుడు కాదు. వయసు ఎనభై ఎనిమిదైనా పక్క గదిలో ప్రింటర్ ఆగితే ఆయనకు తెలిసేది. అది పాత పనివాడి చెయ్యి. ట్రామ్‌లో తర్వాతి స్టాపు పేరు స్పీకర్లో వినబడినప్పుడు కూడా ఆ చెయ్యి చెవి వెనక్కి వెళ్ళేది. ప్రయాణికులంతా ఏదో జవాబు చెప్తారన్నట్టు వాళ్ళ మొహాలు చూసేవాడు. ఎవరూ ఫోన్లలోంచి తల ఎత్తేవారు కాదు. చెయ్యి మెల్లగా ఒళ్ళోకి దిగేది.

గంట కాగానే ఇద్దరం బయట బెంచీ మీద కూర్చుని మతమూ రాజకీయాలూ తప్ప ఇంకేమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆయన సంచీలో ఎప్పుడూ మెంతులు కాచిన నీళ్ళ సీసా ఉండేది. ఆ దేశంలో అది టీ లాంటిదట. "గొంతుకి మెంతులు, చెవికి జనం" అనేవాడు. మెంతులు మాత్రం దొరుకుతున్నాయి.

నేను వాదనల్లో పెరిగినవాణ్ణి. మా గోదావరి జిల్లాలో ఇరవై ఏళ్ళ వయసులోనే బాణామతులు చేసేవాళ్ళతో, జాతకాలు చెప్పేవాళ్ళతో వేదికల మీద తలపడ్డాను. ఆయనను కూడా వదల్లేదు. "నువ్వు చేసింది పూజారి పని. నీ దేవుడు యూనిఫారం వేసుకున్నాడు, అంతే తేడా" అన్నాను.

"కావచ్చు" అన్నాడు.

ఆయనతో వాదించడంలో అదే చిక్కు. ఒప్పుకునేవాడు. నాయకుడి జైళ్ళ గురించి నేను చదివింది చెప్తే, నాకు తెలియనివి ఇంకో రెండు చెప్పేవాడు. ఆయన కూడా ఆ జైల్లో పద్దెనిమిది నెలలు ఉన్నాడు మరి. ఏ సభలో ఏ నినాదాలు పలకాలో కాగితం మీద రాసి ఇచ్చేవారట. రానురాను ప్రతి నినాదంలోనూ నాయకుడి పేరు వచ్చేది. ఒకరోజు రేవు దగ్గర సభ. కాలువ తవ్వుతూ చచ్చిపోయిన కూలీల మనవలు, మునిమనవలు ముందు వరుసలో ఉన్నారు. ఈయన ముత్తాత కూడా ఆ తవ్వకంలోనే పోయాడు. కాగితం జేబులో పెట్టి తన సొంత నినాదం పలికాడు.

"కాలువ ఎవరిది?"

"తవ్వినవాళ్ళది!"

"తమ్ముడూ, ఆ జవాబు నా గుండెకి తగిలింది. నన్ను మోస్తున్నవాడి మెడ వణికింది" అన్నాడు. పేరు లేని నినాదం పలికినందుకు మరుసటి వారం ఇంటికి వచ్చి పట్టుకుపోయారు.

"చూశావా! ఇదీ నీ నాయకుడి అసలు రూపం" అన్నాను గెలిచిన ఉత్సాహంతో.

"అవును" అన్నాడు. మెంతుల నీళ్ళు ఒక గుక్క తాగాడు. "అయినా ఆయన పోయిన రోజు ఏడ్చాను."

"అది బానిసత్వం."

"కావచ్చు. అప్పటికి యుద్ధం వల్ల కాలువ ఒడ్డునున్న మా ఊరు ఖాళీ అయిపోయింది. నాకు జవాబు చెప్పినవాళ్ళు దేశమంతా చెదిరిపోయారు. నన్ను మోసినవాడు ఎక్కడున్నాడో ఈ రోజుకీ తెలియదు. ఎవరికోసం ఏడ్చానో నేను లెక్క చూసుకోలేదు." సీసా మూత బిగిస్తూ అడిగాడు. "నువ్వెప్పుడైనా లక్షమందితో కలిసి ఒక్క మాట అన్నావా?"

"లక్షమంది ఒక్క మాట అంటే నాకు భయం."

"నాకూ భయమే" అన్నాడు. "కానీ తమ్ముడూ, ఇంట్లో నేనొక్కణ్ణే అంటే ఇంకా భయంగా ఉంటుంది."

ఒక మంగళవారం మా ఊళ్ళ గురించి అడిగాడు. మాదీ కాలువల దేశమే అని గొప్పగా చెప్పాను. ఆనకట్ట, లాకులు, పడవలు, మా ఇంటి వెనక పారే కాలువ.

"ఎవరు తవ్వారు?" అన్నాడు.

నేను తడుముకోకుండా ఆ తెల్లదొర పేరు చెప్పాను. మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలిసిన పేరు అది. ఊరూరా విగ్రహాలున్నాయి. దండలు వేస్తారు. ఆయన పేరుతో తర్పణాలు వదిలేవాళ్ళు కూడా ఉన్నారు.

ముసలాయన అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని ముందుకు వంగాడు. "ఒక్కడే తవ్వాడా?"

యాభై ఏళ్ళు వ్యక్తిపూజ మీద ఉపన్యాసాలు ఇచ్చాను. సినిమా హీరో కటౌట్ మీద పాలు పోసేవాళ్ళను తిట్టాను. ఇక్కడ సిడ్నీలో కారు పార్కింగులో నాయకుడి ఫ్లెక్సీ కట్టి పాలాభిషేకం చేసిన డాక్టర్లను, ఇంజినీర్లను పేర్లు పెట్టి మరీ ఉతికాను. కాలువ ఎవరు తవ్వారంటే నా నోటివెంట ఒక దొర పేరు వచ్చింది. మట్టి తట్టలు మోసిన వేలమందిలో ఒక్కరి పేరూ నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు. ఆయన దాన్ని పట్టుకుని నన్ను చితక్కొట్టవచ్చు. కొట్టలేదు. ట్రామ్ వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇక నా తప్పు సంగతి చెప్పాలి.

ఎడ్మండ్‌సన్ పార్క్ అనే పేటలో ఒక చిన్న హాల్లో నెలకొక ఆదివారం మధ్యాహ్నం మా హేతువాదులం కలుస్తాం. మొదట్లో అరవైమందిమి. ఇప్పుడు ఇరవై లోపే. తెలుగు సంఘాలవాళ్ళు నన్ను పిలవడం ఎప్పుడో మానేశారు. పిలిచిన కాలంలో కూడా, "అంకుల్, ప్లీజ్, ఈసారికి దేవుడి టాపిక్ వద్దు, ఫ్యామిలీస్ వస్తారు" అని ముందే కాళ్ళు కట్టేసేవారు. నాకంటూ మిగిలింది ఆ హాలు ఒక్కటే. దానికి నేనే ఒక నియమం పెట్టాను. అక్కడ ఎవరూ నినాదం చేయకూడదు, ఎవరూ వంత పాడకూడదు. ఒకసారి ఒక ఇంజినీరు ఉత్సాహం పట్టలేక "జై విజ్ఞానం!" అని చెయ్యెత్తితే, సభ ఆపి పావుగంట క్లాసు పీకాను. ఆయన మళ్ళీ రాలేదు.

ఆ నెల అంశం 'నాయకులూ విగ్రహాలూ'. ముసలాయనను మాట్లాడమని పిలిచాను. నిజం చెప్పాలంటే సాక్షిగా పిలిచాను. వ్యక్తిపూజ మనిషిని ఏం చేస్తుందో చూపించడానికి ఒక బతికున్న నమూనా.

"ఎంతమంది వస్తారు?" అని అడిగాడు.

"ఇరవైమంది."

"ఇరవై చాలు. వీధి మొదలయ్యేది ఇరవైమందితోనే" అన్నాడు. ఆ తర్వాత నెల రోజులూ ప్రతి మంగళవారం అదే అడిగాడు. ఇరవైమందీ వస్తారా? అందరూ తెలుగువాళ్ళేనా? కుర్చీలు ఎటువైపు వేస్తారు?

ఆ రోజు గోధుమరంగు సూటు వేసుకుని, రైల్లో సభకు రెండు గంటల ముందే వచ్చేశాడు. మా ఆవిడ టీ ఇస్తే వద్దని, తన సీసా చూపించి నవ్వాడు. నేను అధ్యక్ష స్థానంలో కూర్చుని పరిచయం చేశాను. ఆ పరిచయం నాకు ఇంకా గుర్తుంది, గుర్తుండకపోతే బాగుండును. తెలుగులో చెప్పాను, ఆయనకు అర్థం కాదు కదా అని. "ఒక మనిషి తన గొంతును ఇంకొకడికి అద్దెకిస్తే ఏమవుతుందో చూడండి" అన్నాను.

ఆయన లేచాడు. మైకు పక్కకు పెట్టాడు. నాకూ నా బల్లకూ వీపు పెట్టి జనం వైపు తిరిగాడు. పదిహేడుమంది ఉన్నారు. ఒక్కొక్కరి మొహం చూశాడు. అరచెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది. ఆ వయసు మనిషిలో అంత గొంతు ఎక్కడ దాగి ఉందో తెలియదు. హాలు రేకులు మోగాయి.

"కాలువ ఎవరిది?"

తెలుగులో. శుభ్రమైన తెలుగులో.

ఫోన్లో చూసి నేర్చుకున్నాడనుకున్నాను. జనం మొహమొహాలు చూసుకున్నారు. ఆయన వేచి ఉన్నాడు. రెండోసారి ఇంకా గట్టిగా పలికాడు.

"కాలువ ఎవరిది?"

ముందు వరుసలో ఉన్న డాక్టరమ్మ మర్యాదగా, "ఏ కాలువ అంకుల్?" అంది. వెనకనుంచి ఎవరో, "బకింగ్‌హామ్ కెనాలేమోనండీ" అన్నారు. నవ్వులు.

ఆ హాల్లో జవాబు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నాలుక చివర దాకా వచ్చింది. నియమం నాది. పదిహేడుమంది ముందు, నా హాల్లో, ఒక పాత దండు నినాదానికి నేను వంత పాడతానా? మింగేశాను. ఆ నినాదంలో ఏ నాయకుడి పేరూ లేదని, ఆ ఒక్క నినాదం కోసమే ఆయన జైలుకు వెళ్ళాడని, నా కాలువ విషయంలో నేను చెప్పిన తప్పు జవాబును నాచేతే దిద్దించడానికి వచ్చాడని ఆ క్షణాన తట్టలేదు అని రాసుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. తట్టింది. అయినా మాట్లాడలేదు.

అప్పుడు ఆయన ఎన్నడూ చేయని పని చేశాడు. తల తిప్పి వెనక్కి, వేదిక వైపు చూశాడు. నా మొహం చూశాడు. తర్వాత చెయ్యి దించి, ఇంగ్లీషులో "థాంక్యూ, మంచి సభ" అని కూర్చున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆవిడ చెల్లెలింట్లో ఆగిపోయింది. రైల్లో మేమిద్దరమే పక్కపక్కన కూర్చున్నాం. మా నియమం గురించి వివరించాను. "నియమం మంచిదే" అన్నాడు. కిటికీలోంచి కొత్త ఇళ్ళ పైకప్పులు చూస్తూ, "మీ టీ వాసన బాగుంది" అన్నాడు.

మా ఆవిడ రాత్రి ఇంటికొచ్చాక అడిగింది. "ఆయన అడిగినదానికి జవాబు మీకు తెలుసు కదండీ?"

"నీకెవరు చెప్పారు?"

"మీ మొహమే చెప్పింది. ఒక్క మాట అనుంటే మీ హేతువాదం ఏవన్నా అరిగిపోయేదా? పెద్దాయన నుంచుని నుంచుని కూర్చున్నాడు, పాపం."

నేను దానికి కూడా ఏదో వాదన చెప్పాను. ఆవిడ టీవీ పెట్టుకుంది.

తర్వాత మూడు మంగళవారాలు వచ్చాడు. చిక్కుడుగింజలు ఎలా ఉడికించాలో బల్ల దగ్గర అందరికీ చెప్పాడు. బెంచీ మీద కూర్చున్నాడు. కాలువ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నాలుగో మంగళవారం ఆయన కుర్చీలో ఇంకెవరో కూర్చుని తెర చూస్తున్నారు. నిద్రలోనే పోయాడని లైబ్రరీ వాళ్ళు చెప్పారు. ఖననానికి వెళ్ళాను. పదకొండుమందిమి. ప్రార్థన జరుగుతున్నంతసేపూ దూరంగా నిలబడ్డాను, అదీ ఒక నియమమే. పెర్త్ నుంచి వచ్చిన కూతురు నా చెయ్యి పట్టుకుని, "వాదించే ఫ్రెండ్ మీరేనా? డాడ్ మంగళవారాల కోసం చూసేవాడు" అంది ఇంగ్లీషులో. తల ఊపాను.

నిన్న స్క్వేర్‌లో ఆ అమ్మాయి తెర అటు అని చెప్పాక అక్కడ నిలబడలేకపోయాను. కాళ్ళు తిన్నగా వరంగల్ ఆయన కిరాణా కొట్టుకు తీసుకెళ్ళాయి. ముసలాయన మెంతులు కొనేది అక్కడే. ఆయన చెప్తేనే నాకు ఆ కొట్టు తెలిసింది. ఆయన పోయాక మళ్ళీ వెళ్ళలేదు.

"ఏం సార్, చాన దినాలైంది. మా మీద కోపమొచ్చిందా?" అన్నాడు కొట్టాయన.

పావుకిలో మెంతులు అడిగాను. ఆయన చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది.

"చాచాకి కూడ గిదే పావుకిలో. మంచిగుండె మనిషి. మీకెర్కేనా సార్, ఆయనకి తెలుగు నేర్పింది నేనే."

"ఏమిటి?"

"అవ్ సార్. నెల దినాలు. వచ్చుడు, గీ బియ్యం మూటల కాడ నిలబడుడు. ఒక్కటే మాట. కాలువ ఎవరిది, కాలువ ఎవరిది. అరబ్బీ అక్షరాలల్ల కాయితం మీద రాసుకున్నడు. గిరాకీలు పరేషాన్. అరే చాచా, నీకు కాలువెందుకు, పానీ చాహియే క్యా అని నేను నవ్విన. తెలుగోళ్ళ మీటింగున్నది, మా దోస్త్ పిలిచిండు అన్నడు."

"దోస్త్ అన్నాడా?" అన్నాను.

"దానికి జవాబు గూడ ఉంటదట కదా. అది గూడ నేర్చుకో చాచా అన్న. వద్దన్నడు. చెయ్యి గిట్ల ఊపిండు." కొట్టాయన చెయ్యి ఊపి చూపించాడు. "జవాబు నేను నేర్చుకునుడెందుకు, అది మా దోస్త్ చెప్తడు అన్నడు."

వెనక ఫ్రీజర్ల మోత. ఎవరో బియ్యం మూట లాగుతున్నారు. ఆయన మెంతులు తూచి, పొట్లం మూతి మడుస్తూ అడిగాడు.

"ఇంతకీ గా జవాబేంది సార్?"

"తవ్వినవాళ్ళది" అన్నాను.

ఆయన పొట్లం పక్కన పెట్టి, అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని, కౌంటర్ మీంచి నా వైపు వంగాడు.

"జర గట్టిగ చెప్పుండ్రి సార్. ఫ్రీజర్ మోతల వినబడలే."

గట్టిగా చెప్పాను. బియ్యం మూటల దగ్గరున్న ఇద్దరు తిరిగి చూశారు.